పడవెక్కి చేరే కొండ

కొండ ఎక్కాలంటే మెట్లుంటాయి, లేకపోతే కాలిబాట ఉంటుంది. కోటప్పకొండ తిరణాలకు వెళ్ళిన వాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కాని పడవ ఎక్కితే తప్ప పాదం దగ్గరికైనా చేరలేని కొండ ఒకటి పల్నాడులోనే ఉన్నది. అదే నాగార్జునకొండ. చుట్టూ నాగార్జునసాగర్ జలాశయం, నడుమ దీవిలా కొండ. ఒకప్పుడు అది దీవి కాదు. దాని చుట్టూ పొలాలు, పల్లెలు, బండి బాటలు ఉండేవి.

దసరా సెలవుల్లో మేము అక్కడికి బయలుదేరాము. మేమంటే నేనూ, మా ఆవిడా, మా అబ్బాయీ అమ్మాయీ, దర్శి దగ్గర వ్యవసాయం చేసే మా బావమరిదీ. వేసవి సెలవుల్లో వెళ్ళకూడదా అని మీరు అడగవచ్చు. వేసవికి జలాశయంలో నీరు బాగా దిగిపోతుంది. పైగా పల్నాడు ఎండలో నాపరాళ్ళు పెనాల్లా కాలుతాయి. దసరా నాటికి అలా కాదు. కృష్ణకు వరద వచ్చి ఉంటుంది, మిరపనారు నాటడం కూడా చాలావరకు అయిపోతుంది. రైతుకు నాలుగు రోజులు తీరిక దొరుకుతుంది.

గుంటూరు దాటి సత్తెనపల్లి వైపు సాగితే దారి పొడుగునా నల్లరేగడి నేలలు, పత్తి చేలు. పిడుగురాళ్ళ వచ్చేసరికి సున్నపు బట్టీల పొడి పడి చెట్ల ఆకులు తెల్లగా కనిపిస్తాయి. ఎండలకు పేరు మోసిన రెంటచింతల, ఆ తరవాత మాచర్ల. మాచర్ల దాటాక నేల ఎత్తుపల్లాలై, కొండలు దగ్గరికి వస్తాయి. చీకటి పడేసరికి కుడి గట్టున ఉన్న విజయపురి సౌత్ చేరి, ఆ రాత్రి అక్కడే పడుకున్నాము.

తెల్లవారుతూనే పిల్లలు నీటి ఒడ్డుకు లాక్కుపోయారు. అక్కడ ఒక ముసలి జాలరి నెత్తిన పెద్ద బుట్ట బోర్లించుకుని నడిచి వస్తున్నాడు. దూరం నుంచి తాబేలు రెండు కాళ్ళ మీద లేచి వస్తున్నట్టే ఉన్నది! అది పుట్టి. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పైన పట్టా బిగించి, నీరు చొరకుండా తారు పూస్తారు. పూర్వం పట్టా బదులు తోలు బిగించేవారు.

మా అబ్బాయి ఇంతకు ముందే ఏదో పుస్తకంలో కయాక్ పడవ బొమ్మ చూశాడు. మంచుదేశాలలో ఇనూయిట్ ప్రజలు దాన్ని కనిపెట్టారు. కట్టెలతోనూ ఎముకలతోనూ చట్రం కట్టి, దాని మీద సీలు అనే సముద్రజంతువు తోలు బిగించేవారు. ఎక్కడి గ్రీన్లాండు, ఎక్కడి కృష్ణానది! అయినా రెండు చోట్లా మనుషులకు తట్టిన ఉపాయం ఒకటే: తేలికైన చట్రం, దాని మీద తోలు. ఆకారంలో మాత్రం పోలిక లేదు. కయాక్ చేపలా సన్నగా, మొనదేలి ఉంటుంది కనక నీటిని చీల్చుకుంటూ తిన్నగా పోతుంది. పుట్టి గుండ్రం. దానికి ముందూ వెనకా లేవు. అడుగు వెడల్పుగా ఉండటంచేత అది నీళ్ళలో లోతుకు దిగదు. రాళ్ళున్న చోటైనా పైపైన తేలిపోతుంది.

మా వాడు పుట్టి ఎక్కుతానని మారాం చేశాడు. లైఫ్ జాకెట్ తొడిగితే గాని వల్ల కాదని వాళ్ళమ్మ పట్టుబట్టింది. జాకెట్ తొడిగి, పుట్టికి తాడు కట్టి, మోకాలి లోతు నీళ్ళలో కూర్చోబెట్టాము. వాడు తెడ్డు వేశాడు. పుట్టి గిర్రున తిరిగింది. రెండో పక్క వేశాడు. ఈసారి అటు నుంచి ఇటు తిరిగింది. ముసలాయన నవ్వి, "పక్కన కాదు బాబూ, ముందు వేసి నీ వైపు లాక్కోవాలి," అంటూ తెడ్డును నీటిలో 8 అంకె రాస్తున్నట్టు ఆడించి చూపించాడు. అరగంట తంటాలు పడ్డాక మా వాడు పది గజాలు తిన్నగా వెళ్ళగలిగాడు.

ఇంతలో మిగతా జాలర్లు రాత్రి వేసిన వలలు తీసుకుని వచ్చారు. వీరిలో కొందరి పెద్దలు విశాఖపట్నం వైపు సముద్రతీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. వల నీళ్ళలో గోడలా నిలబడుతుంది. పై అంచున బెండ్లు ఉంటాయి, అవి తేలుతాయి. కింది అంచున బరువులు ఉంటాయి, అవి వలను కిందికి లాగుతాయి. చీకట్లో వచ్చే చేప తల వల కన్నులో దూరుతుంది. ఒళ్ళు లావు కనక ముందుకు పోలేదు, మొప్పలు తట్టుకుని వెనక్కీ రాలేదు. కన్ను కంటె సన్నని చేప మాత్రం హాయిగా దాటిపోతుంది.

బుట్టలో బొచ్చెలు, శీలావతులు, మీసాల వాలుగ ఒకటీ ఉన్నవి. మా అమ్మాయి ఒక చేప పేరు జిలేబి అని విని పడిపడి నవ్వింది. ఈ జిలేబి పుట్టిల్లు ఆఫ్రికా. 1952లో మన దేశానికి తెచ్చారు. వీటిలో ఒక జాతి తల్లి గుడ్లను నోట్లోనే దాచుకుని పొదుగుతుంది. అన్నాళ్ళూ తిండి కూడా సరిగా తినదు.

ముసలాయన తన వల కన్నులో వేళ్ళు దూర్చి చూపించాడు. "ఈ మధ్య కొందరు దోమతెర లాంటి వలలు వేస్తున్నారయ్యా. వేలెడు పిల్ల కూడా తప్పించుకోదు. ఈ యేడు కిలో వస్తుంది, పై యేడు ఏం పడతాము?" అన్నాడు. ఆయన కోపానికి కారణం ఉన్నది. బొచ్చె, శీలావతి వంటివి పారే వరదనీటిలో గుడ్లు పెట్టేవి. నిలవ నీటిలో మామూలుగా పెట్టవు. 1957లో ఒడిషాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు, చేప తలలో ఉండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, వాటిచేత గుడ్లు పెట్టించాడు. ఆ పద్ధతి వచ్చాకే చేపపిల్లలను కావలసినన్ని పెంచి, జలాశయాలలో వదలటం సాధ్యమయింది. అలా వదిలిన పిల్లను వేలెడుండగానే పట్టేస్తే ఇక మిగిలేదేమిటి?

తరవాత లాంచీ ఎక్కాము. కొండకు ఇంచుమించు గంట ప్రయాణం. లాంచీ కదిలిందో లేదో మా బావమరిది సరంగును అడిగిన మొదటి మాట, "నీళ్ళు ఎన్ని అడుగులున్నాయి?" అని. మా వైపు రైతులు సాగర్ మాట వస్తే అడిగేది ఇదే. నిండితే 590 అడుగులు.

"అమ్మో! ఇక్కడ 590 అడుగుల లోతా?" అన్నది మా అమ్మాయి, లాంచీ అంచు నుంచి వెనక్కి జరుగుతూ.

లోతు కాదు. సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు అది. గుంటూరు పట్టణం సముద్రం కంటె వంద అడుగుల పైచిలుకు ఎత్తులోనే ఉన్నది. సాగర్ నిండితే అందులోని నీరు 590 అడుగుల ఎత్తున నిలుస్తుంది. అందుచేతనే కాలువ తవ్వి వదిలితే చాలు, నీరు తన బరువుతో తానే పల్లానికి, మన చేలలోకి నడిచి వస్తుంది. 510 అడుగులను కనీస మట్టంగా పెట్టుకున్నారు. వానలు లేని యేడు మట్టం అటు దిగుతున్న కొద్దీ మిరప రైతు గుండె కూడా దిగుతుంది.

ఈ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు నెహ్రూ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. వేలాదిమంది కూలీలు రాయి మోసి కట్టిన కట్టడం ఇది. నీటి కింద ఏమున్నదో చెప్పాలంటే ఇంకా వెనక్కి పోవాలి.

క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఈ లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. కాశ్మీరం, గాంధారం, చీనా, సింహళ దేశాల పేర్లు కూడా అక్కడి శాసనాలలో కనిపిస్తాయి. సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా విహారమే ఉండేది. కాలక్రమాన నగరం మట్టిలో కలిసింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలిపాడు. ఆ తరవాతే తవ్వకాలు మొదలయ్యాయి. బడిపంతులు ఒకాయన ఆగి చూడకపోతే ఏమయ్యేదో!

ఆనకట్ట కట్టాలని నిర్ణయమయ్యాక లోయ మునుగుతుందని తేలింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన లోయనంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపు అనే చోటికి చేర్చి మళ్ళీ కట్టారు. రాళ్ళను అలా మోసుకుపోగలిగారు. పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలను మోసుకుపోవటం ఎవరి తరమూ కాదు. అక్కడివారు ఇల్లూ వాకిలీ, చింతచెట్టూ చేదబావీ వదిలి లేచిపోయారు. నీరు మనకు వచ్చింది, ఊళ్ళు వాళ్ళవి పోయాయి. దీన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో దాటేస్తాయి, నాకది నచ్చదు.

కొండ మీద దిగితే పాత కోటగోడలు, చెట్లు, వాటి నడుమ స్తూపాలు. మహాచైత్యం పునాది బండి చక్రంలా ఉంటుంది, ఆకులతో సహా. రాజు చెల్లెలు శాంతిసిరి అక్కడ స్తంభాలు నిలిపించి తన పేరు చెక్కించింది. మ్యూజియంలోని శిల్పాలు సున్నపురాతివి. మన ఇళ్ళలో పరిచే పల్నాటి నాపరాయి దానికి చుట్టమే. (మ్యూజియానికి శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.) అన్నిటికంటె నన్ను ఆపేసింది రాతి స్నానఘట్టం. ఒకప్పుడు అది కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు కొండ మీద పొడిగా ఉన్నది. మెట్లు దిగితే కాలికి తగిలేది గడ్డి.

చెట్టు కింద పులిహోర, గోంగూర పచ్చడి విప్పాము. మా అబ్బాయి నోరు మండి నీళ్ళ కోసం గంతులు వేస్తుంటే, "ఇక్ష్వాకుల పిల్లలకు ఈ బాధ లేదురా," అన్నాను. నిజమే. మిరప పుట్టింది అమెరికా ఖండంలో. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి వల్ల మన దేశానికి చేరింది. విజయపురి వంటిళ్ళలో కారమంటే మిరియాలే. మా బావమరిది ఇది నమ్మలేదు. "మిరప లేకుండా గుంటూరేమిటి బావా!" అన్నాడు.

సాయంత్రం తిరిగి వచ్చి కుడి కాలువ తల దగ్గర నిలబడ్డాము. నీరు నురగ కక్కుతూ బయటికి దూకుతున్నది. కాలువ పొడుగు 203 కిలోమీటర్లు. మనిషి నడిచినట్టు గంటకు నాలుగు కిలోమీటర్లు నడిస్తే రెండు రోజుల పైన మూడు గంటలకు చివరికి చేరుతుందని పిల్లలు లెక్క కట్టారు. మా బావమరిది తల అడ్డంగా ఊపాడు. దారిలో ప్రతి మేజరుకూ తూము ఉన్నది, ప్రతి తూము దగ్గరా వంతులున్నాయి. ఆయకట్టు చివర ఉన్నవాడికి అందరూ తాగాక మిగిలినదే దక్కుతుంది, ఒక్కొక్క యేడు అదీ దక్కదు. తన పొలానికి గురువారం రాత్రి వంతు వచ్చింది. టార్చిలైటూ పారా పట్టుకుని తెల్లవార్లూ గట్టు మీదే ఉండాలి. అందుచేత మాతో గుంటూరు రాకుండా, మాచర్లలోనే దిగి దర్శి వైపు బస్సు ఎక్కాడు.