ఇటలీలో బాటసారి

పరదేశాలకు పోయి వచ్చినవారు సాధారణంగా అక్కడి కట్టడాలను, చిత్రాలను వర్ణిస్తారు. వాటి దగ్గరకు చేర్చిన దారిని గురించి అంతగా వ్రాయరు. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మాత్రం మజిలీలను, నదులు దాటే సాధనాలను, బాటల మంచిచెడ్డలను దినదినమూ వ్రాసిపెట్టారు. ఆ యాత్రాచరిత్రను తరగతిలో బోధించే నాకు ఇటలీలో కూడా దృష్టి దారులమీదనే నిలిచింది. అందుకు మరొక కారణం మా అమ్మ. ఆమెకు డెబ్బై ఏండ్లు దాటాయి, మోకాళ్ళ నొప్పి. "చూడాలని ఉంది గాని నడవలేను బేటా" అన్న ఆమె మాటను దృష్టిలో పెట్టుకొనియే మేము ప్రయాణం నిర్ణయించుకొన్నాము.

మా అన్నయ్య బొలోన్యా నగరంలో ఉద్యోగి. ఆయనకు కారు ఉన్నది గనుక ఇక చింత లేదనుకొన్నది అమ్మ. నడవలేనివారికి సొంత వాహనమే శరణ్యమని మన ఇండ్లలో అందరి నమ్మకం.

కారు ప్రయాణానికి ఇటలీ పుట్టినిల్లు వంటిది. మోటారు వాహనాలకే ప్రత్యేకించిన రహదారిని మిలాను నగరం నుండి సరస్సుల ప్రాంతం వైపు 1924లోనే ప్రారంభించిన దేశమది. మిలాను నుండి నేపుల్సు వరకు సాగే 'సూర్యుని రహదారి' 1964లో పూర్తి అయినది. ప్రవేశద్వారం వద్ద చీటీ తీసుకొని, బయటకు వచ్చే చోట నడచిన దూరాన్నిబట్టి సుంకం చెల్లించాలి. ఈ రహదారులకు ఆకుపచ్చ సూచికలు, ఇతర పెద్ద బాటలకు నీలి సూచికలు. బొలోన్యా, ఫ్లారెన్సుల నడుమ అపెనైన్ పర్వతాలు అడ్డుగా నిలుస్తాయి. అక్కడ పాత బాట కొండ మలుపులతో సాగుతుంది. 2015లో తెరచిన కొత్త బాట సొరంగాలలో నేరుగా పోతుంది. మేము పాత బాటనే పోయాము. లోయలను చూస్తూ అమ్మ మోకాళ్ళ మాటే ఎత్తలేదు.

అయితే ఊరు సమీపించగానే కారు అధికారం ముగుస్తుంది. ఇటలీలోని అనేక ప్రాచీన నగరాల నడిబొడ్డు 'పరిమిత వాహన మండలం'. ఎర్రని అంచుగల తెల్లని వలయమే దాని గుర్తు. పలుచోట్ల గేటు ఉండదు, పోలీసు ఉండడు. కెమెరా బండి నంబరును చదువుకొంటుంది. అద్దె కారులో వెళ్ళిన పరదేశికి జరిమానా కాగితం నెలల తరువాత ఇంటికే చేరవచ్చును. నిలుపుదల స్థలాలకూ రంగులున్నాయి: సాధారణంగా తెల్లగీత ఉచితం, నీలిగీత రుసుముకు, పసుపుగీత ప్రత్యేక అనుమతి గలవారికి.

"మరి నేనెట్లా?" అని అమ్మ దిగులుపడింది. అన్నయ్య ఫ్లారెన్సు వెలుపల విల్లా కొస్తాంజా అనే చోట కారు నిలిపాడు. అది రహదారినుండి నేరుగా ప్రవేశించే నిలుపుదల స్థలం; సుంకపు ద్వారం దాటి బయటకు పోనక్కరలేదు. దాని ప్రక్కనే ట్రాము బయలుదేరుతుంది. ట్రాము నేల వేదికతో ఇంచుమించు సమతలంగా ఉన్నది. అమ్మ నా చేయి పట్టకుండానే ఎక్కి కూర్చున్నది. అరగంటలోపే నగరంలోని పెద్ద రైలు స్టేషను దగ్గర దిగాము. కారు చేయలేని పనిని అందరి బండి చేసింది.

వెనిసుకు రైలులో వెళ్ళాము. ప్రాంతీయ రైళ్ళ కాగితపు టికెట్టును ఎక్కేముందు యంత్రంలో పెట్టి ప్రయాణికుడే ముద్ర వేసుకోవాలి. ముద్ర లేని టికెట్టు చేత ఉన్నా జరిమానా తప్పదు. సముద్రంమీది రైలు వంతెన 1846 నాటిది. మోటారు వంతెన 1933లో వచ్చింది. ఆ వంతెన దాటిన కారు నగరపు అంచుననే ఆగిపోవాలి. రైలు స్టేషను మెట్లముందే పెద్ద కాలువ, ప్రజల పడవలు. రేవు తేలే తెప్పమీద ఉంటుంది. నీటితోపాటు లేస్తుంది, దిగుతుంది. అందువల్ల పడవలోకి అడుగు పెట్టడం కష్టం కాలేదు. ఒకటవ నంబరు పడవ ఆ కాలువ పొడవునా మెల్లగా సాగుతుంటే అమ్మ అన్నది: "ఈ ఊరు నన్ను కూర్చోబెట్టి తానే నడుస్తున్నది."

అంతటా అంత సుఖమని చెప్పను. వెనిసు చిన్న వంతెనల మెట్లముందు ఆమె ఆగిపోయింది. మేము పోయివచ్చేదాకా అరుగుమీద కూర్చున్నది. నిరుటి నగరాలు వృద్ధులను తలచుకొని కట్టినవి కావు. కాని నేటివారు చేర్చిన ట్రామూ, తేలే రేవూ వారికి అనుకూలమైనవి.

మన పట్టణాలలో సిటీ బస్సు మెట్లు ఎక్కలేకనే అనేకమంది పెద్దలు గడప దాటడం మానుకొన్నారు. చార్మినారు చుట్టూ స్థలాన్ని పాదచారులకు వదలాలనే ప్రయత్నం మనమూ చేస్తున్నాము. అది మంచిదే, అయితే కారును ఆపిన చోటనే ముసలివారు ఎక్కగల బండిని నిలపాలి. మొదటిది మాత్రమే చేస్తే అది నడవగలవారి నగరమవుతుంది. రేపు ఇంజనీర్లు, అధికారులు కాబోయే మా విద్యార్థులు ఒక బస్సును పరీక్షించవలసి వస్తే, దాని వేగాన్ని తరువాత చూడవచ్చును. ముందుగా దాని మొదటి మెట్టు ఎత్తును కొలవండి.