మంచు సీమలో రెండు రోజులు

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతో మనం చాలా పనులు గడుపుకుంటాము. తెల్లవారుజామున గడ్డిపరక మీద నిలిచిన చుక్క మంచే. పుష్యమాసంలో వంశధార మీద కమ్ముకుని, అవతలి గట్టున నిలబడ్డవారికి మధుకేశ్వరుని గుడిని పొద్దెక్కేదాకా కనపడనీయనిదీ మంచే. శీతకాలంలో జనం కార్లు కట్టించుకుని లంబసింగి వెళ్ళి చూసివచ్చేదీ మంచే. శ్రీముఖలింగంలో పుట్టి పెరిగిన నేను కెనడా వచ్చిన మొదటి ఏడాది, "ఇక్కడ మంచు పడుతోందమ్మా" అని ఫోనులో చెబితే, "తలకు గుడ్డ చుట్టుకో నాయనా" అన్నది మా అమ్మ. మోకాలి లోతున పడిందని చెప్పినా ఆమె సలహా మారలేదు.

2025 జనవరి చివరి శని ఆదివారాలు నోవా స్కోషియాలో గడిపాను. టొరంటో నుంచి హాలిఫాక్సుకు రెండు గంటల విమానం. అక్కడి నుంచి ఊల్ఫ్‌విల్ అనే చిన్న ఊరికి కారులో గంట పైచిలుకు. దారికిరువైపులా ఆకు రాల్చిన ఆపిల్ తోటలు, నల్లని కొమ్మల మీద తెల్లని గీతలు. ఊరికి ఉత్తరాన మినాస్ బేసిన్. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన పోటు వచ్చే ఫండీ అఖాతానికి అది ఒక కొస. పాటు వేళ అడుగు బయటపడితే, ఎర్రటి బురద మీద మంచుగడ్డలు ఒడ్డున పడ్డ పడవల్లా ఒరిగి ఉంటాయి.

నా హైస్కూలు మిత్రుడు ఆ ప్రాంతంలో ఆసుపత్రి ఉద్యోగి. వాళ్ళది మా ఊరికి ఏటి అవతల ఉన్న పేట. తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. మా వీధి వాళ్ళు ఆ పేటకు పోవడం, ఆ పేట వాళ్ళు మా వీధి అరుగు ఎక్కడం ఆ రోజుల్లో లేదు. ఇద్దరమూ కలిసి కూర్చుని అన్నం తిన్నది మొదటిసారి హైదరాబాదు హాస్టల్లోనే. ఈసారి నన్ను రమ్మనడానికి ఒక కారణమున్నది. "అమ్మ ఊరికి పోతానంటోంది. నా మాట వినడం లేదు. నువ్వొచ్చి చెప్పు, నువ్వంటే గురి" అన్నాడు.

వాడు ఆ ఊరు చేరడం ఉద్యోగరీత్యా జరిగిందే గాని, వాళ్ళ అమ్మగారు మాత్రం దానిని యాదృచ్ఛికం అనుకోరు. ఆ సంగతి కొంచెం చెప్పాలి. 1873లో ఈ సముద్రతీర రాష్ట్రాల బాప్టిస్టులు ఏడుగురు మిషనరీలను సయాం దేశానికి పంపారు. అక్కడ కరెన్ జాతి వారిలో పని చేయాలని వారి ఉద్దేశం. ఆ పని కుదరక, 1875లో వారు మన ఉత్తర కోస్తాకు మళ్ళారు. భీమునిపట్నం, బొబ్బిలి, చికాకోలు అని అప్పట్లో పిలిచిన శ్రీకాకుళం వారి స్థావరాలయ్యాయి. హన్నా మరియా నోరిస్, అంతకు ముందే 1870లో, ఈ నోవా స్కోషియాలో ఊరూరా తిరిగి స్త్రీల చేత మిషను సంఘాలు పెట్టించినావిడ. తర్వాత వచ్చిన మిషనరీలలో పలువురు ఊల్ఫ్‌విల్‌లోని అకాడియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారే. 1838లో బాప్టిస్టులు స్థాపించిన విద్యాలయమది. మిషను పాత కాగితాలు నేటికీ దాని గ్రంథాలయంలో ఉన్నాయి. అంటే, ఏ ఊరి నుంచి దొరలూ దొరసానులూ ఓడలెక్కి మన వైపు వచ్చారో, ఆ ఊరికి ఆ పేట కుర్రవాడు విమానమెక్కి వచ్చి చేరాడన్నమాట.

అమ్మగారికి డెబ్బై ఆరు. నేను గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటుంటేనే, "ఏటి బావూ, సిక్కిపోనావు" అన్నారు. (గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట మాకు దగ్గర ఊరు. అలాంటి చోటివాడినై ఉండి ఆవిడ మాటలను దిద్ది రాస్తే బాగుండదు.) మధ్యాహ్నం చేపల పులుసు. ఎండు నెత్తళ్ళు వండితే తలుపులన్నీ బిగించిన ఇంట్లో వారం దాకా వాసన పోదని కోడలు బాధపడిందట. వెతగ్గా వెతగ్గా ఇక్కడి అంగట్లో ఉప్పు పట్టించి ఆరబెట్టిన కాడ్ చేప ఆవిడ కంటబడింది. రాత్రంతా నానబెట్టి, నీళ్ళు మార్చి, వంకాయ వేసి, చింతపండు పులుసు పెట్టారు. ఈ తీరప్రాంతం వాళ్ళు వందల ఏళ్ళుగా తింటున్న చేప. పులుసు మాత్రం మాది.

భోజనమయ్యాక మిత్రుడు నాకు కన్ను గీటి పైకి వెళ్ళిపోయాడు. నేను నాకప్పగించిన వాదన మొదలుపెట్టాను. వచ్చిన వీసా మీద ఒకేసారి అయిదేళ్ళుండవచ్చు. మోకాళ్ళు సరిగా లేవు. పేటలో తోడెవరున్నారు? ఆవిడ అన్నీ విని, "అక్కడ ఆయన ఉన్నారు గదా" అన్నారు. భర్త పోయి నాలుగేళ్ళయింది. సమాధి పేట చివర, ఏటి గట్టుకు దగ్గరలో. "వరదొస్తే మట్టి కోసుకుపోద్ది. సూసీవోళ్ళు నేదు."

సాయంత్రం సంఘంలోని ఒక ముసలావిడను చూడడానికి వెళ్ళాము. ఆమెకు తొంభై దాటాయి. గుట్ట మీద చెక్క ఇంట్లో ఒంటరి నివాసం. వాకిటి మంచు పొరుగింటాయన తోస్తాడు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో రాగి నాణేలు డబ్బాలో వేసేవారమనీ, ఆ డబ్బు "చికాకోలు" పోతుందనేవారనీ, అది ఊరో మనిషో తనకు చాలాకాలం తెలియదనీ నవ్వుతూ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. మా అమ్మగారు, తాను మిషను బోర్డింగులో చదివేటప్పుడు, మంచు బొమ్మలున్న పాత క్రిస్మసు కార్డులు బహుమతిగా ఇచ్చేవారనీ, అది దూదో పంచదారో అని పిల్లలం పందేలు కట్టుకున్నామనీ చెప్పారు. తన తల్లికి సోంపేట మిషను ఆసుపత్రిలో కన్ను ఆపరేషను అయిందని కూడా చెప్పమన్నారు. సోంపేటలో డాక్టర్ బెన్ గలిసన్ చేస్తున్న కంటి వైద్యానికి సాయంగానే 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది.

ఇంతలో అమ్మగారు, "పిల్లలు నేరా ఈవిడకి? ఆళ్ళ కాడికి ఎందుకెల్లదో అడుగు" అన్నారు. అలా అడగడం ఇక్కడి మర్యాద కాదు. అయినా అడిగాను. కొడుకులిద్దరూ ఆల్బర్టాలో ఉన్నారట, ఏటేటా రమ్మంటారట. ఆమె కిటికీ వైపు వేలు చూపింది. దూరాన వాలు మీద శ్మశానం. రాళ్ళ తలలు మాత్రమే మంచు పైకి కనపడుతున్నాయి. "ఆయన అక్కడున్నాడు. వసంతంలో మంచు కరగ్గానే వెళ్ళి గడ్డి తీయాలి" అన్నది. ఈ రెండు వాక్యాలను తెలుగు చేసి చెప్పవలసిన మనిషిని నేనే. చెప్పాను. అమ్మగారు ఏమీ అనలేదు. సోఫాలో కొంచెం దగ్గరకు జరిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. టీ చల్లారిపోయింది.

ఆదివారం ఆరాధనకు వెళ్ళాము. 1778లో మొదలైన సంఘమది. మా ఇంటి దేవుడు వేరైనా వెనుక వరుసలో కూర్చున్నాను. పాటలు పాడేది ఇంగ్లీషులోనైనా వరుసలు అమ్మగారికి తెలిసినవే కొన్ని ఉన్నట్టున్నాయి. అందరూ ఇంగ్లీషులో పాడుతుంటే ఆవిడ తెలుగులో, బెదురు లేకుండా, కొంచెం ముందుగా పాడారు. ముందు వరుసవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. తర్వాత కింద హాలులో సామూహిక భోజనం. సూపులూ, ఆపిల్ పైలూ. మా చేపల పులుసు గిన్నె చుట్టూ మొదట ఎవరూ చేరలేదు, చివరికి అడుగంటింది.

ఆ రాత్రి మిత్రుడు నన్ను వంటింట్లో నిలేశాడు. "ఏం చెప్పావు? ఇంకా మొండికేసింది." ముసలావిడ మాటలు వాడికీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. బయట మంచు తోసే బండి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. తర్వాత లాప్‌టాప్ తెరిచి, "శివరాత్రి ఎప్పుడు?" అని అడిగాడు. ఫిబ్రవరి 26 అన్నాను. ముఖలింగం చక్రతీర్థానికి ఏటి గట్టంతా జనమౌతారు. సమాధి పక్కన దుకాణాలు పెట్టనీయకుండా ఏటేటా కాపలా కాసేది వాళ్ళ నాన్నగారే. ఇప్పుడు ఆ పని అమ్మగారిది.

ఫిబ్రవరి 18కి విశాఖదాకా టికెట్టు దొరికింది. అమ్మగారు లోపలి గదిలోంచే, "పెట్టి ఒక్కోటి ఎంత బరువు ఒప్పుకుంటారు?" అని అడిగారు. ఇరవై మూడు కిలోలు అన్నాడు. ఉప్పు చేప ఎన్ని కిలోలు పడుతుందో లెక్క కట్టమన్నారు.