టికెట్ లేని పండుగ

హిమాలయాలకు వెళ్లే పర్యాటకులు ఖరగ్‌పూర్‌లో దిగరు. దిగితే, ఎవరినీ మెప్పించాల్సిన పని లేకుండా తన కోసం తాను జరుపుకునే ఓ తెలుగు జాతర కనిపిస్తుంది

రైలు ఆగీ ఆగగానే వీపున బరువైన సంచులు తగిలించుకున్న కుర్రాళ్లు ప్లాట్‌ఫారం మీదికి దూకుతారు. మట్టి కప్పులో నాలుగు గుక్కల టీ తాగి మళ్లీ బోగీ ఎక్కేస్తారు. దక్షిణాది నుంచి న్యూ జల్పాయిగురి వైపు సాగే రైళ్లకు ఖరగ్‌పూర్ ఓ మజిలీ మాత్రమే. వాళ్ల మనసంతా ముందున్న కొండల మీదే ఉంటుంది. డార్జిలింగ్ బొమ్మ రైలు, తీస్తా నదిలో రాఫ్టింగ్, కాలింపాంగ్ దగ్గర డేలో కొండ మీంచి పారాగ్లైడింగ్, 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూకు కాలినడక.

ఖరగ్‌పూర్ గురించి వాళ్లకు తెలిసినవి రెండే ముక్కలు. ఒకటి ఐఐటీ, రెండోది ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం. ఆ రెండో ముక్కకు కాలం చెల్లి చాన్నాళ్లయింది. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాన్ని 2013లో గోరఖ్‌పూర్ వెనక్కు నెట్టింది. 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్లి ఆ రెండింటినీ దాటేసింది. 2001 నుంచి 2003 దాకా మహేంద్ర సింగ్ ధోనీ టికెట్ తనిఖీ ఉద్యోగం చేసింది ఇక్కడేనన్న సంగతి క్రికెట్ అభిమానులకు కొంత అదనపు ఆకర్షణ. అంతకుమించి ఈ ఊళ్లో చూడ్డానికేముందని అడిగితే స్థానికులు కూడా కాసేపు ఆలోచిస్తారు.

కానీ ఎండలు ముదిరే రోజుల్లో ఓ సాయంత్రం నింపురా వైపో మథురాకాటీ వైపో నడిస్తే ఆ ఆలోచన అవసరముండదు. డప్పుల మోత వినిపిస్తుంది. వేపమండలు, పసుపునీళ్లు, ముఖాన పెద్ద బొట్లు, తలపై ఘటాలతో వరసగా వచ్చే ఆడవాళ్లు. చుట్టూ వినిపించే భాష విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తెలుగు. మధ్యలో హిందీ, బెంగాలీ మాటలు అలవోకగా దొర్లుతుంటాయి. దీన్నిక్కడ మాతా పూజ అంటారు. ఉత్తరాంధ్ర గ్రామ దేవత జాతర ఒడిశా దాటి వచ్చాక పేరు మార్చుకుంది. తీరు మాత్రం మార్చుకోలేదు.

రైలు తెచ్చిన అమ్మవారు

ఈ అమ్మవారు బెంగాల్‌కు ఎలా వచ్చిందో తెలియాలంటే పాత రైల్వే పటాలు చూడాలి. 19వ శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకుని, స్టేషన్‌తో పాటు భారీ వర్క్‌షాప్‌కూ పునాదులు వేసింది. అప్పటికే విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరం వెంట పట్టాలు పడ్డాయి. 1902లో అందులో వాల్తేరు-కటక్ భాగం బీఎన్ఆర్ చేతికొచ్చింది. అంటే శ్రీకాకుళం పల్లెకూ ఖరగ్‌పూర్ కొలిమికీ మధ్య ఒకే కంపెనీ, ఒకే పట్టా. కరవుకూ అప్పులకూ అలిసిన కుటుంబాలు రైలెక్కాయి. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మెన్‌గా కుదిరాయి. తమిళులు, ఒడియాలు, బిహారీలు, పంజాబీలు కూడా చేరడంతో ఊరికి 'మినీ ఇండియా' అన్న పేరొచ్చింది.

తెలుగువారు ఇక్కడ బరువులు మోసి ఊరుకోలేదు. 1920ల చివర్లో బీఎన్ఆర్ కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించింది బరంపురానికి చెందిన తెలుగు న్యాయవాది వి.వి.గిరి. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. వాల్తేరుతో ఖరగ్‌పూర్‌కున్న పాలనా బంధం స్వాతంత్య్రం వచ్చాకా కొనసాగింది. 2003 ఏప్రిల్‌లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడే దాకా రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉన్నాయి. శతాబ్దం పాటు బదిలీల మీద, సెలవు పాస్‌ల మీద తిరిగిన జనంతో పాటే మొక్కులూ తిరిగాయి.

తాడు, హెల్మెట్, మొక్కు

పర్యాటక శాఖలు పండుగనూ సాహసాన్నీ ఒకే కరపత్రంలో అమ్మడం నేర్చుకుని చాలా కాలమైంది. 2000లో నాగాలాండ్ మొదలుపెట్టిన హార్న్‌బిల్ ఉత్సవం ఇందుకు మంచి నమూనా. తెగల నృత్యాలన్నీ ఏటా డిసెంబర్ 1 నుంచి ఒకే మైదానంలో, సందర్శకుల సౌకర్యం కోసం. హిమాచల్‌లోని బీర్-బిల్లింగ్ 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్‌కు వేదికై, కొండవాలు గ్రామాలను అంతర్జాతీయ పటంలో పెట్టింది. వేసవి, శీతాకాలాల మధ్య ఖాళీ గదులున్న నెలల్లో ఉత్సవం పెట్టడం, దానికి రాఫ్టింగో ట్రెకింగో జోడించడం కొండ ప్రాంతాల్లో తెలిసిన వ్యాపార సూత్రమే. ఇందులో తప్పేమీ లేదు. గైడ్లకూ జీపు డ్రైవర్లకూ ఇంటి గదులు అద్దెకిచ్చేవారికీ అదే బతుకు. తెలుగువారికీ ఆ కొండలతో కొత్త బంధాలున్నాయి. 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఇద్దరూ డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందినవారే.

మైదానంలోనూ సాహసానికి లోటు లేదు. దాని పేరు వేరు. విజయనగరం పైడితల్లి జాతరలో పూజారి పొడవాటి చింతమాను చివర కూర్చుని, జనసముద్రం మీదుగా గాల్లో ఊగుతూ ఆలయానికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. బెంగాల్ పల్లెల్లో చైత్ర మాసం చివరి రోజున చరక్ పూజ. భక్తులు ఎత్తయిన స్తంభానికి వేలాడుతూ గిరగిరా తిరుగుతారు. వీపుకు కొక్కేలు గుచ్చుకోవడాన్ని బ్రిటిష్ పాలకులు బెంగాల్‌లో 1865లో నిషేధించారు. అయినా ఆచారం పోలేదు. చాలాచోట్ల కొక్కెం స్థానంలో తాడు వచ్చింది. సిరిమానును ఎరిగిన తెలుగు కుటుంబం చరక్ చూసి ఆశ్చర్యపోదు. ఖరగ్‌పూర్‌లో ఆ రెండు సంప్రదాయాలు పక్కపక్క వీధుల వాళ్లకు తెలుసు. తేడా ఒక్కటే. తీస్తా పడవలో లైఫ్ జాకెట్ వేసుకున్నవాడు ఉత్సాహం కోసం డబ్బిస్తాడు. మాను ఎక్కినవాడు, నిప్పులు తొక్కినవాడు ఊరి తరఫున బాకీ తీరుస్తాడు. చూసేవాళ్లు ఉన్నా లేకున్నా ఆ బాకీ తీరాల్సిందే.

ఎవరు రాకపోతే ఆగుతుంది?

అలాగని ఒకదాన్ని నకిలీ, మరోదాన్ని అసలు అనేస్తే సరిపోదు. ఏ పండుగ దేని మీద ఆధారపడి నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న. 2017లో గోర్ఖాలాండ్ ఆందోళనతో డార్జిలింగ్ కొండలు 104 రోజులు మూతబడ్డాయి. 2023 అక్టోబర్ 4న సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సు గట్టు తెగి తీస్తా విరుచుకుపడింది. చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది. సిక్కింకు జీవనాడి లాంటి రహదారి తెగిపోయింది. రెండూ సరిగ్గా దసరా సీజన్‌ను దెబ్బతీసినవే. అతిథి రాకపోతే అతిథి కోసం పెట్టిన ఉత్సవం ఆగిపోతుంది.

ఖరగ్‌పూర్ జాతరకు అతిథితో పని లేదు. దాని ఆధారం రైల్వే జీతం. ఇప్పుడు కదులుతున్నది ఆ ఆధారమే. తండ్రి పనిచేసిన షెడ్డులోనే కొడుకూ చేరడం ఒకప్పుడు మామూలు. భద్రతా విభాగాల సిబ్బంది స్వచ్ఛందంగా రిటైరై పిల్లలకు ఉద్యోగం ఇప్పించుకునే పథకం 2004లో మొదలై 2017లో ఆగిపోయింది. ఇప్పుడు ఖరగ్‌పూర్ కుర్రాడు దేశమంతటితో పోటీపడి పరీక్ష రాయాలి. నెగ్గినా పోస్టింగ్ ఎక్కడన్నది అదృష్టం. నెగ్గనివారు హైదరాబాద్, బెంగళూరు రైళ్లెక్కుతున్నారు. రిటైరైనవారు క్వార్టర్ ఖాళీ చేయాలి. కొందరు ఊరి అంచున స్థలం కొనుక్కుని ఉండిపోతారు. కొందరు తాతల పల్లెకు తిరిగెళ్తే అక్కడ వాళ్లను 'ఖరగ్‌పూరోళ్లు' అంటారు.

భాష సంగతీ అంతే. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. కొద్ది నెలల్లో శాసనసభ ఎన్నికలున్నాయన్న సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఏమైనా అది శతాబ్దపు శ్రమకు దక్కిన గుర్తింపే. కానీ హోదా ఒక్కటే బడిలో పిల్లల్ని కూర్చోబెట్టదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో బెంగాలీ, ఉద్యోగానికి ఇంగ్లీషు అన్న లెక్కలో మొదట తగ్గేది తెలుగు చదువే. చదవడం రాని పిల్లలకు కూడా వచ్చిన తెలుగు ఏదైనా ఉందంటే అది అమ్మమ్మ మాట, అమ్మవారి మొక్కు.

అలాంటప్పుడు ఈ జాతరనూ పర్యాటక పటంలో పెడితే? కోల్‌కతా దుర్గా పూజకు 2021లో యునెస్కో గుర్తింపు దక్కింది. రెడ్ రోడ్‌పై ఏటా సాగే నిమజ్జన ఊరేగింపు ఇప్పుడు ప్రభుత్వ వేడుక. ఖరగ్‌పూర్‌కూ చుట్టూ సరంజామా ఉంది. కేశియారీ దగ్గర 15వ శతాబ్దపు కురుంబేరా కోట, దాంతన్ సమీపంలో మొఘల్‌మారి బౌద్ధ విహార శిథిలాలు, గడ్బేతాలో శిలావతి నది కోసిన ఎర్రమట్టి లోయ గన్‌గని, ఊళ్లోనే 1931లో ఇద్దరు ఖైదీలను కాల్చి చంపిన హిజ్లీ నిర్బంధ శిబిరం. 1951లో ఐఐటీ మొదలైంది ఆ భవనంలోనే. వీటికి మాతా పూజను జోడిస్తే రెండు రోజుల ప్యాకేజీ సిద్ధం. అయితే వీధి వీధికీ వేర్వేరు రోజున, ఆ వీధివాళ్ల వీలును బట్టి జరిగే పూజను క్యాలెండర్‌లో ఒక తేదీకి కట్టేస్తే, దాన్ని నడిపించేది వీధి కాదు, వేదిక అవుతుంది.

దీపావళి రాత్రి ఐఐటీలో మరో వేడుక ఉంటుంది. క్యాంపస్ దీపాలార్పి, హాస్టళ్ల ముందు నిలబెట్టిన పెద్ద పెద్ద వెదురు చట్రాల మీద వేల ప్రమిదలతో బొమ్మలు వెలిగిస్తారు. చూడ్డానికి ఊరంతా కదులుతుంది. దీని పేరు ఇల్యూమినేషన్. విద్యార్థులు ముద్దుగా 'ఇల్లు' అంటారు. తెలుగు చెవికి ఆ మాట మరోలా వినిపిస్తుంది. నాలుగు తరాలు క్వార్టర్లలో కాపురం చేసిన వాళ్లకు సొంతమని చెప్పుకునే ఇల్లు ఏడాదికోసారి డప్పు మోగే ఆ వీధే. ఉద్యోగాల కోసం దూరమైనవాళ్లు వేసవి సెలవులకు అక్కడికే వస్తారు. ఆ జాతరకు ప్రవేశ రుసుము లేదు. కొనాల్సింది రైలు టికెట్ ఒక్కటే. అది కూడా ఖరగ్‌పూర్‌లో దిగేందుకు.