హిమసీమలోని ఆవకుటుంబము

మన పోపులపెట్టెలోని ఆవగింజకు ఉత్తరధ్రువ ప్రాంతమున చుట్టములు కలవు. గ్రీన్లాండు, అలాస్కా, నార్వేకు ఉత్తరమున నున్న స్వాల్‌బార్డు దీవులు మొదలగు మంచుసీమలలో, రాళ్ళసందున, జానెడైనను ఎదుగని మొక్కలవి. శాస్త్రజ్ఞులు వానిని ‘డ్రాబా’లందురు. ఆవపువ్వునకు వలెనే వీనికిని నాలుగే రేకులు. లోకమున డ్రాబాజాతులు 350కి పైగా నున్నవి. ఆవకుటుంబమున ఇంత పెద్దశాఖ మరియొకటి లేదు.

ఇన్నిటిని వేరుపరచుట యెట్లు? పువ్వులు చూచినచో చాలవరకు ఒక్కతీరే. కావున ఆకులపై నూగును భూతద్దముతో పరీక్షింతురు. ‘నివాలిస్’ అను దాని నూగు నక్షత్రమువలె చీలి, ఆకునకు బూడిదవన్నె తెచ్చును. ‘ఫ్లాడ్నిజెన్సిస్’ ఆకు అంచున మాత్రము చీలని వెండ్రుకలు కనురెప్పలవలె నిలిచియుండును. స్వీడను దేశీయురాలగు ఎలిజబెత్ ఎక్మన్ అను విదుషి 1930 ప్రాంతమున, అరువదియేండ్లు దాటిన వయస్సులో, గ్రీన్లాండు డ్రాబాలను గూర్చి వ్యాసములు ప్రకటించెను. బియ్యములో మెరికలేరిన మనకు ఆ ఓపిక యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను నూగు చెప్పని రహస్య మొకటి కలదు. హన్నే గ్రుంట్ అను నామెయు, ఓస్లో విశ్వవిద్యాలయపు క్రిస్టియన్ బ్రోక్‌మన్ మొదలగువారును, పై రెండుజాతులను, ‘సబ్‌కాపిటాటా’ అను మూడవదానిని గైకొని, ఒకే జాతిలోని మొక్కలకే పరస్పరము సంకరము చేసిరి. అట్లు పుట్టిన సంతానములను పరీక్షించి, ఫలితములను 2006లో ప్రకటించిరి. ఒక్కచోటనే పెరిగిన మొక్కల సంతానములో నూటికి 63 చక్కగ ఫలవంతము లయ్యెను. వేర్వేరుచోటుల మొక్కలను కలిపినప్పుడో, నూటికి 8 మాత్రమే! తల్లిదండ్రులకు ఏలోపమును లేదు. రూపమున భేదమును లేదు. బిడ్డలు మాత్రము గొడ్డువోయెను.

కారణము ఊహింపదగినదే. చలిసీమలో తుమ్మెదలు అరుదు. పువ్వు తన పుప్పొడిని తానే గ్రహించి గింజకట్టును. ఇట్లు ప్రతిగుంపును వేరుకాపురము చేయగా, ఒక్కొక్కదానియందు ఒక్కొక్క మార్పు స్థిరపడినది. ఆ మార్పులు ఒకచోట చేరినచో పొసగవు.

మరి ప్రతిగుంపునకును క్రొత్తపేరు పెట్టవలెనా? వలదనియే నా యభిప్రాయము. కొండపై నిలిచి మొక్కను చూచువాడు దాని సంతానమును పరీక్షింపజాలడు గదా! కాని పేరొక్కటే యగుటచేత వచ్చు కీడు కలదు. ధ్రువసీమ వేడెక్కుచున్న యీ దినములలో ఒక లోయలోని గుంపు నశించినను, “ఈ జాతి అంతటను దొరకును” అని ఊరకుందురు. పోయినది మరెచ్చటను లేనిదైనను పుస్తకములలో దాని జాడ యుండదు. కావున విత్తనములు దాచువారు అలాస్కా గింజలను, స్వాల్‌బార్డు గింజలను వేర్వేరు సీసాలలో నుంచి, చీటీపై జాతిపేరుతోపాటు పుట్టినచోటును వ్రాయుట మేలు.