గుండయినాక వేయిస్తాం సామీ

బుధవారం పొద్దున. బిడ్డకి తొమ్మిది నెలలు నిండి నాలుగు రోజులైంది. తల్లి టీకాల కార్డు నా బల్ల మీద పెట్టింది గానీ, బిడ్డ మాత్రం వాళ్ళ అవ్వ ఒళ్ళోనే ఉన్నాడు. అవ్వ కొంగు బిడ్డ తొడల మీద కప్పేసి ఉంది.

"ఇరవై దినాల్లో కొండకి పోతా ఉండాం సామీ. గుండయినాక వేయిస్తాం. ఇప్పుడు సూది పొడిస్తే జొరమొస్తాది. మొక్కు నిలిచిపోతాది."

తిరుపతిలో పిల్లల డాక్టరుకి ఇది కొత్త మాట కాదు. పుట్టువెంట్రుకలు బేసి నెలలో తీయించాలి. తట్టు టీకా తొమ్మిది నిండగానే వేయాలి. అంతకుముందు వేస్తే తల్లి కడుపులోంచి తెచ్చుకున్న రక్షణే టీకాని సరిగా పట్టనివ్వదు. ఆలస్యం చేస్తే ఆ రక్షణ తరిగిపోయి బిడ్డ ఒట్టి చేతులతో మిగులుతాడు. సరిగ్గా ఆ సమయంలోనే మనం వాణ్ణి ఎత్తుకుని, దేశం నలుమూలల పిల్లలూ చేరే క్యూ కాంప్లెక్సులో గంటలు గంటలు కూర్చుంటాం. తట్టు ఉన్న బిడ్డ దగ్గి వెళ్ళిపోయాక కూడా ఆ గాలిలో రెండు గంటల దాకా వైరస్ నిలిచి ఉంటుంది. దేవుడి మీద ఎంత భక్తి ఉన్నా ఈ లెక్క నాకు భయమే.

తట్టు అనగానే అవ్వ చేతులు జోడించింది. "అది అమ్మవారు కదా సామీ. వేపాకు పరిచి పండబెడితే ఆ తల్లే దిగిపోతాది."

పోలియో చుక్కల మందుకి మాత్రం ఏ అవ్వా అడ్డం చెప్పగా నేను చూడలేదు. ఆ తరం వాళ్ళు చచ్చుబడిన కాళ్ళు చూశారు. ఇనుప పట్టీలు కట్టుకుని మా ఊరి బర్డ్ ఆస్పత్రి మెట్లెక్కిన మనుషుల్ని చూశారు. తట్టు సంగతి వేరు. వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది లేచి తిరిగారు. తర్వాత నెలకి న్యుమోనియాతోనో విరేచనాలతోనో పోయిన బిడ్డని ఎవరూ తట్టు ఖాతాలో రాయలేదు.

ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి ఊరంతా వేషాలు కట్టే చోటు ఇది. జబ్బుని తల్లీ అని పిలిచి, బతిమాలి సాగనంపడం మావాళ్ళకి తెలుసు. సూదిని బతిమాలడం ఎవరికీ తెలీదు. తనంతట తాను వచ్చిన జబ్బుకి ఇంట్లో ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. తీసుకెళ్ళి పొడిపించిన సూదికి జ్వరం వస్తే, తీసుకెళ్ళినవాళ్ళే జవాబు చెప్పాలి. ఆ రాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే "నువ్వే కదా ఎత్తుకపోయినావు" అనే మాట తల్లికే తగులుతుంది. వయసులో ఉన్నప్పుడు దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాణ్ణి. నాకు బుద్ధి వచ్చింది 2017లో.

ఆ ఏడు ఆగస్టు 1న మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలందరికీ, బడికెళ్ళేవాళ్ళకి బళ్ళలోనే. తమిళనాడు, కర్ణాటకలో అదే పని ఫిబ్రవరిలోనే మొదలైంది. ఆ సూదితో పిల్లలకి ఏదో అయిపోతుందని అప్పట్లో తమిళనాడులో వాట్సాప్ నిండా గొంతులే. నగరి, పాలసముద్రం వైపు సగం ఇళ్ళలో తమిళం నడుస్తుంది, ఇక ఆ గొంతులకి చెక్‌పోస్టు ఏముంది?

నగరి వైపు నుంచి మరమగ్గం నడుపుకునే ఒక తండ్రి వచ్చాడు. ఇద్దరు పిల్లలు. ఫోన్ తీసి నాకా తమిళ గొంతు వినిపించాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లండులో 1998లో 12 మంది పిల్లల్ని చూపించి తట్టు టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన డాక్టరు సంగతి, ఆ వ్యాసాన్ని 2010లో పత్రికే వెనక్కి తీసుకున్న సంగతి, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన అడగని ఆటిజం గురించి కూడా చెప్పాను. అంతా ఓపిగ్గా విని లేచాడు.

"మీరు చెప్పేది నిజమే అయ్యుంటాది సార్. ఆ పొద్దు రాత్రికి మీరు మా ఇంట్లో ఉండరు కదా."

మళ్ళీ రాలేదు. నేను గెలిచిన వాదనల్లో ఇంత చెడ్డగా ఓడింది ఇంకోటి లేదు. ఆ వారం నుంచే కార్డు వెనక నా ఫోన్ నంబరు రాయడం మొదలుపెట్టాను.

ఈ భయాన్ని వాట్సాప్ పుట్టించిందని మా కుర్ర డాక్టర్లు అంటారు. వాళ్ళకి మదనపల్లె కథ చెబుతాను. బీసీజీ టీకా మన దేశంలో మొదట అడుగుపెట్టిన చోట్లలో ఆరోగ్యవరం క్షయ శానటోరియం ఒకటి, 1948లో. మదనపల్లె అప్పుడు మన చిత్తూరు జిల్లాలోనిదే. ఏడేళ్ళ తర్వాత, 1955లో, రాజాజీ అంతటి మనిషి బీసీజీని తానెందుకు వ్యతిరేకిస్తున్నారో చెబుతూ పుస్తకమే వేశారు. గవర్నర్ జనరల్ చేసిన మనిషికే గుబులు పుట్టింది, మగ్గం నేసేవాడి మీద నేను గొంతు లేపడం ఏమిటి? రాజాజీతో నేను ఏకీభవించను. అయితే అడిగేవాళ్ళు ఉండబట్టే పరీక్షలూ జరుగుతాయి. మన పొరుగున చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన పెద్ద పరిశీలనలో, పెద్దవాళ్ళకి వచ్చే ఊపిరితిత్తుల క్షయని బీసీజీ ఆపడం లేదని తేలింది. పసివాళ్ళ మెదడు పొరలకి పాకే క్షయని అది అడ్డుకుంటుంది. పుట్టగానే వేసేది అందుకే.

ఆ బీసీజీ చోటే నెల, నెలన్నరకి బొబ్బలేచి చీము పట్టి, పుండై, మచ్చ కడుతుంది. సూది పట్టిందనడానికి అదే గుర్తు. డిశ్చార్జి రోజున ఎవరో ఒకరు ఆ ముక్క చెబితే సరిపోయేది. చెప్పకపోతే బిడ్డ భుజానికి పసుపు పూసి, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ పట్టించి, ఆఖరికి ఏడుస్తూ నా దగ్గరికి వస్తారు.

ఇప్పుడు కొత్తగా "నొప్పి సూదా, నొప్పి లేని సూదా సార్?" అని అడుగుతున్నారు. కోరింత దగ్గు టీకాలో రెండు రకాలు. సర్కారు వేసేదాంట్లో చచ్చిన క్రిములు మొత్తంగా ఉంటాయి, కాబట్టి జ్వరం, వాపు ఎక్కువ. వేలు పోసి కొనేదాంట్లో క్రిమి ముక్కలే ఉంటాయి, జ్వరం తక్కువ. దాని రక్షణ తొందరగా తగ్గుతుందన్న సంగతి మాత్రం బిల్లు మీద రాయరు. డబ్బు లేక సర్కారు సూది వేయించామని కుమిలిపోయే తల్లిదండ్రులకి ఇది తప్పకుండా చెబుతాను.

మా అమ్మాయి ఆరో వారం సూది కూడా నా క్లినిక్‌లోనే. మందు సిరంజిలోకి ఎక్కించింది నేనే. పొడిచింది మాత్రం నర్సమ్మ. నేను గోడకున్న టీటీడీ క్యాలెండరులో ఏకాదశి ఎప్పుడా అని వెతుకుతూ నిలబడ్డాను. ఆ రాత్రి థర్మామీటరు నాలుగుసార్లు పెట్టాను. నాలుగోసారికి మా ఆవిడ దాన్ని లాక్కుని దాచేసింది.

బుధవారం వచ్చిన అవ్వతో ఈసారి వాదన పెట్టుకోలేదు. క్యాలెండరే కిందికి దించి ఆమె ముందు పెట్టాను. ఈ సూదికి జ్వరమంటూ వస్తే ఏడో రోజు తర్వాత, పన్నెండు లోపల. ఒకటి రెండు రోజులుండి పోతుంది. మీరు కొండెక్కేది ఇరవయ్యో రోజు. అప్పటికి జ్వరం పోయి ఉంటుంది, బిడ్డకి రక్షణా వచ్చి ఉంటుంది. అవ్వ వేళ్ళ కణుపుల మీద రెండుసార్లు లెక్కపెట్టింది. కోడలి వైపు చూసింది. కోడలు నేల చూసింది.

"నేనే పట్టుకుంటా" అంది అవ్వ. కొంగు తీసి బిడ్డని ఎదకి హత్తుకుని కళ్ళు మూసుకుంది.

పదమూడో రోజు రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. గొంతు గుర్తుపట్టాను.

"జొరం రానే లేదు సామీ. ఆ సూది సరింగా పడినట్టేనా?"