బొబ్బిలి కోటా, ప్లాస్టిక్ ఇటుకలూ

మా స్టాఫ్‌రూములో నన్ను చూసి నవ్వుకునేవాళ్ళున్నారు. ముప్ఫయ్యారేళ్ళు వచ్చి, తెలుగు ఎం.ఏ. చదివి, కుర్రవాళ్ళకు ప్రబంధాలు చెప్పుకు బతికే మనిషి ఆదివారం వచ్చేసరికి నేలమీద చతికిలబడి రంగురంగుల ఇటుకలు పేర్చటమేమిటని వారి ప్రశ్న. ఇది తీరుబడిగల మధ్యతరగతి వినోదమని ఒక మిత్రుడు సైద్ధాంతికంగానే మందలించాడు. అందులో నిజం లేకపోలేదు. లెగో ఇటుక డెన్మార్కు సరుకు. దాని ధర మన కూలివాడి పిల్లకు అందేది కాదు. అయినా ఈ ఆటలో నేను క్లాసులో చెప్పే పాఠమొకటి దిద్దుకోవలసివచ్చింది కనుక, ఆ సంగతి చెప్పుకుంటాను.

మేం అయిదుగురం. నా పాత విద్యార్థి ఒకడు కంప్యూటరు ఉద్యోగి. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, రైల్వేలో రిటైరైన పెద్దమనిషి, మెడిసిన్ చదివే కుర్రవాడు, నేను. యూరపులో, అమెరికాలో ఈ సరదా ఉన్నవాళ్ళు వాటర్లూ కడతారు, నార్మండీ కడతారు. మనం బొబ్బిలి కడదామన్నాను. అందరూ వెంటనే ఒప్పుకున్నారు. మా ఉత్తరాంధ్రలో ఆ కథ జంగాల నోట వినని ముసలివాళ్ళూ, 1964 నాటి సినిమా చూడనివాళ్ళూ అరుదు.

కట్టటం మొదలుపెట్టాక తెలిసింది, మాకు తెలిసింది కథే కాని యుద్ధం కాదని. పాటలో కోట ఉంటుంది. దాని గోడ దేనితో కట్టారో ఉండదు. మా దగ్గర బూడిదరంగు ఇటుకలు దండిగా ఉన్నాయి, యూరపు కోటలన్నీ రాతివి గనుక. రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు బొబ్బిలిది మట్టికోట అని రాశాడు. తడిపి, తొక్కి, వరస మీద వరస వేసిన బంకమట్టి. అంత మట్టి తవ్విందెవరు, మోసిందెవరు? రంగరాయ చరిత్రంలో దిట్టకవి నారాయణకవి వారి ఊసెత్తడు. ఎత్తుతాడని ఆశించటమూ తప్పే. గోధుమరంగు ఇటుకల కోసం మూడు నెలలు ఆగాం. రైల్వే పెద్దాయన, "గోడకింత గొడవెందుకు మేష్టారూ, యుద్ధం చూపిద్దాం" అన్నారు. నాకు మాత్రం ఆ గోడే ముఖ్యమనిపించింది. ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

ఇక సైన్యం. 1753లో నిజాం సలాబత్‌జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్ళ చేతిలో పెట్టాడు. పేష్కషు వసూలుకు బుస్సీ ఇటు వచ్చాడు. విజయనగరం విజయరామరాజు తన పొరుగు కక్షను ఆ ఫిరంగుల వెనక నిలబెట్టి తీర్చుకోజూశాడు. 1757 జనవరి 24న కోట పడింది. ఇంతవరకు ప్రతివాడికీ తెలిసిందే. కాని బొమ్మలను బల్లమీద నిలబెట్టినప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఫ్రెంచి టోపీలు పాతిక చాలు. తక్కినవాళ్ళంతా ఎవరు? బుస్సీ వెంట వచ్చిన సిపాయిలు, రాజుగారి బంట్లు. గోడకు ఇవతలా అవతలా ఒకే రంగు మనుషులు, ఒకే తలపాగాలు. మెడిసిన్ కుర్రాడు చూసి, "ఎవరు ఎవరి పక్షమో తెలియటం లేదండీ" అన్నాడు. తలపాగాలకు రెండు రంగులు వేశాం. చరిత్రలో వాళ్ళకా సదుపాయం ఉండి ఉండదు.

తాండ్ర పాపారాయుణ్ణి పెట్టాలని మావాడు పట్టుబట్టాడు. ఆ రోజు పాపయ్య కోటలో లేడు నాయనా, రాజాంలో ఉన్నాడని పాటే చెబుతుందన్నాను. వాడు మొహం ముడుచుకున్నాడు. పాపయ్య లేని బొబ్బిలి ఎవరు చూస్తారని వాడి బాధ.

ఈ బొమ్మమనిషిని గురించి ఒక మాట. ఇప్పటి రూపంలో ఇటుకకు పేటెంటు అడిగింది 1958లో. కాళ్ళూ చేతులూ ఆడే మనిషి వచ్చింది 1978లో. పదకొండేళ్ళపాటు ఆ మనిషికి ఒకటే మొహం: రెండు చుక్కలు, ఒక నవ్వు. 1989లో ఓడదొంగల పెట్టెలతోనే రకరకాల మొహాలూ, తుపాకులూ వచ్చాయి. నేటి యుద్ధాల ఆయుధాలు తయారుచెయ్యమని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. అంటే చచ్చినవాళ్ళు తగినంత పాతబడితే ఆడుకోవచ్చునన్నమాట!

కోట లోపలికి వచ్చాం. అక్కడి ఇళ్ళకు ఎర్ర, నారింజ ముక్కలతో మంటలు పెట్టాను. ఆ మంటల మధ్య ఆడబొమ్మలను నిలబెట్టాను. నేను పదేళ్ళుగా క్లాసులో చెబుతున్నదదే: శత్రువు చేతికి చిక్కకుండా బొబ్బిలి స్త్రీలు ప్రాణత్యాగం చేశారు. చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం గద్గదమయ్యేది కూడా.

బ్యాంకు ఆవిడ చాలాసేపు చూసింది. "మేష్టారూ, నిప్పంటించినవాడేడీ?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీరు చదవమని ఇచ్చిన పుస్తకంలోనే ఉంది కదండీ. రంగారావు తనవాళ్ళను పిలిచి చెప్పాడు, వాళ్ళు ఒక చేత కాగడా, ఒక చేత బల్లెమో బాకో పట్టుకుని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు అని. మరి మీ కోటలో మంటలు వాటంతటవే లేచాయా? చంటిపిల్లలు కూడా త్యాగం చేశారా?"

ఆర్మ్ తెల్లవాడు, కంపెనీ మనిషి, అతని మాట వేదం కాదు అని వాదించాను. గోడ మట్టిదని చెప్పటానికి అతని మాటే పనికొచ్చిందిగా అని ఆవిడ అనలేదు. అనకపోయినా నాకు వినిపించింది. కోట కాపాడలేనివాడు తన పరువుకోసం ఇంటి ఆడవాళ్ళను చంపుకోవటానికి మనం త్యాగమని పేరుపెట్టాం. చనిపోయినవాళ్ళలో ఎందరు ఒప్పుకున్నారో ఎవరడిగారు? భూస్వామ్యాన్ని గురించి వ్యాసాలు రాసేవాణ్ణి, ఇంత దగ్గర ఉన్నదాన్ని కాగడాతో సహా దాటుకుపోయాను.

ఆ వారం ఇంట్లో నాకు మాట పెగల్లేదు. మరుసటి ఆదివారం ప్రతి గుమ్మంలోనూ ఒక మగబొమ్మను నిలబెట్టాం, చేతిలో కాగడాతో. ఒక మూల ముసలివాడి చెయ్యి పట్టుకుని ఒక పిల్లవాడు. తండ్రి ఆజ్ఞకు వ్యతిరేకంగా ఒక ముసలివాడు రాజకుమారుణ్ణి దాచి బతికించాడని ఆర్మ్ రాశాడు. రైల్వే పెద్దాయనకు ఇదేమీ నచ్చలేదు. "మన వీరులను మనమే హంతకులు చేస్తున్నాం" అని ఆ పూట కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. ఆయన కోపం నాకు తేలిగ్గా కొట్టెయ్యదగినదిగా తోచలేదు. ఆయన తల్లి ఆ పాట పాడేదట.

ఒక స్కూల్లో రెండు రోజులు ప్రదర్శనకు పెట్టాం. మొదటిరోజు సాయంకాలం నిర్వాహకులొకరు వచ్చి, పిల్లలు చూస్తారు, ఆ గుమ్మాల్లో మనుషులను తీసెయ్యమన్నారు. గోడ బయట తెగిపడి ఉన్న నలభైమంది సిపాయిల సంగతి ఆయన ఎత్తలేదు. ఆవిడ తీయనన్నది. నేనూ తీయనన్నాను. చివరికి కోటచుట్టూ చిన్న తెర కట్టారు. పిల్లలు తెర కిందనుంచి దూరి చూశారు.

ఈసారి చందుర్తి కడదామని మావాడంటున్నాడు. 1758 డిసెంబరు, ఫోర్డు, ఆనందగజపతిరాజు. రైల్వే పెద్దాయన కూడా తిరిగి వచ్చారు. ఫిరంగులు లాగటానికి ఎడ్లు కావాలి, వాటిని తోలే మనుషులు కావాలి. గుర్రాలైతే పెట్టెనిండా ఉన్నాయి. ఎద్దు ఒక్కటీ లేదు.