రెండో ఇంజను

ఒక ఇంజను ఆగినా రెండోది ఇంటికి చేరుస్తుంది. ఫ్లోరిడాలో రెండింజన్ల విమానం నేర్చుకోవడానికి వెళ్లిన రోజున నా ధైర్యమంతా ఆ ఒక్క నమ్మకమే.

నాకు దొరికింది పైపర్ ట్విన్ కమాంచీ. ముక్కున ఒకే ఇంజనున్న కమాంచీని తీసుకుని, ఆ ఇంజనును తొలగించి, రెక్కలకు చెరో 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజను బిగించారు. ఆ మార్పుకు రూపమిచ్చినవాడు ఎడ్ స్వేరింజన్. 1963లో అమ్మకానికి వచ్చింది. సన్నటి ఒళ్లు, నలుగురికి చోటు, గంటకు 300 కిలోమీటర్ల వేగం, ఆ వేగానికి ఆశ్చర్యపోయేంత తక్కువ పెట్రోలు. 1964 డిసెంబరులో మాక్స్ కాన్రాడ్ అనే పైలట్ ఇదే రకం విమానంలో అదనపు ట్యాంకులతో కేప్‌టౌన్‌లో ఒంటరిగా ఎగిరి, ఎక్కడా దిగకుండా 56 గంటల తర్వాత ఫ్లోరిడాలో దిగాడు. ఆ ఇరుకు సీట్లో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ 56 గంటలే గుర్తొచ్చేవి.

అయిదు వేల అడుగుల ఎత్తున శిక్షకుడు చెప్పకుండా ఎడమ ఇంజను లీవరు వెనక్కి లాగేశాడు. విమానం ముక్కు ఎడమకు గుంజుకుపోయింది. ఎత్తు జారుతుందన్న భయంతో నేను ముక్కు పైకెత్తాను. వేగం పడిపోయింది. వేగం లేనిదే తోకలోని రడ్డరుకు పట్టు ఉండదు. కుడి కాలితో పెడల్‌ను అడుగంటా తొక్కినా ముక్కు తిరుగుతూనే ఉంది, రెక్క వాలుతూనే ఉంది. అప్పుడాయన చేసిన పని నేనెన్నటికీ మరవను. నేను నమ్ముకున్న కుడి ఇంజను లీవరును కూడా వెనక్కి లాగి, ముక్కు దించాడు. అప్పుడు గానీ విమానం మాట వినలేదు. మమ్మల్ని తిరగేయబోయింది ఆగిన ఇంజను కాదు, నడుస్తున్నది!

నేల మీదకు వచ్చాక లెక్క చూపించాడు. రెండూ నడిస్తే నిమిషానికి 1,460 అడుగులు ఎక్కుతుంది. ఒకటి ఆగితే 260. ఎక్కడానికి పనికొచ్చేది గాల్లో నిలబడటానికి పోను మిగిలిన శక్తే. కాబట్టి సగం బలం పోతే మిగులు దాదాపు అంతా పోతుంది.

ఈ పాఠం నాకంటే ముందు చాలామందికి ప్రాణం మీదకు తెచ్చింది. 1960లలో ఈ రకం విమానంలో తక్కువ ఎత్తులో ఒక ఇంజను ఆపి అభ్యాసం చేస్తూ గిరికీలు కొట్టి కూలినవారున్నారు. ఒక ఇంజనుతో అదుపు నిలిచే కనీస వేగాన్ని అప్పుడు గంటకు 80 మైళ్ల నుంచి 90కి పెంచారు. 1970లో కుడి ప్రొపెల్లరు ఎదురు దిశలో తిరిగే మోడల్ వచ్చింది. ఎడమ ఇంజను ఆగితే తిప్పుడు మరీ ఎక్కువగా ఉండే చిక్కు దాంతో తీరింది. అంత శ్రద్ధగా దిద్దుకున్న విమానం 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను వరదకు ఆగిపోయింది. పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్ కర్మాగారం మునిగాక మళ్లీ దాన్ని తయారు చేయలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు రన్‌వే చివర నిలబడ్డ ప్రతిసారీ, పక్కన ఎవరూ లేకపోయినా, పైకే అనుకుంటాను: చక్రాలు నేల విడవక ముందు ఏ ఇంజను ఆగినా, రెండు లీవర్లూ వెనక్కి. అన్నాకే బ్రేకు వదులుతాను.